మంచు అంటే ఏ మంచు?

"చలికాలంలో హైబ్రిడ్ ఎస్‌యూవీ: రహస్యాలు" అనే సందేశం ఈ వారంలో నాకు అయిదోసారి వచ్చింది. మొదట ఆఫీసు గ్రూపులో, తరువాత మా విశాఖ బీచ్ రోడ్డు ఉదయపు నడక గ్రూపులో, ఆపైన వరసగా బంధువుల నుంచి. చివరగా పంపిన బాబాయి "లంబసింగి వెళ్లేవాళ్లు తప్పక చదవండి" అని రెండు చేతులు జోడించిన బొమ్మ కూడా పెట్టి, ఇంతకూ ఏ బండి కొనాలని అడిగారు. ఆయన మీద గౌరవంతో ఇన్నాళ్లూ మాట్లాడలేదు. నిన్న మా బావమరిది ఆ సందేశం చదివి, పెట్రోలు ఇంజిన్‌తో పాటు బ్యాటరీ, కరెంటు మోటారు కూడా ఉన్న నా హైబ్రిడ్ బండి డిక్కీలో ఇసుక మూట పెట్టాడు. ఇక ఊరుకోలేను.

ఇసుక మూట అందులో ఆరో రహస్యం. "మంచులో చక్రాలు జారకుండా వెనక 40 కిలోల ఇసుక ఉంచాలి" అట. రాసినవారెవరో గానీ చలిదేశాల సలహాలను తెచ్చి తెలుగు చేశారు. అక్కడ మంచు నేల మీద పేరుకుని గడ్డకడుతుంది. వెనక చక్రాలు లాగే ఖాళీ ట్రక్కులు దాని మీద జారకుండా వెనక బరువు వేస్తారు. లంబసింగిలో మంచు గాలిలో ఉంటుంది. తెల్లారేసరికి అద్దం మీద నీరై కారుతుంది, ఎండెక్కితే విడిపోతుంది. రెండింటికీ మనం ఒకే మాట వాడతాం కాబట్టి ఒకదాని మందు ఇంకొకదానికి పోశారు. పైగా మన దగ్గర అమ్ముడవుతున్న టయోటా హైరైడర్, మారుతి గ్రాండ్ విటారా పూర్తి హైబ్రిడ్లను (మోటారు ఒక్కటే కూడా కాసేపు నడపగలిగేవి) ముందు చక్రాలే లాగుతాయి. వాటికి వెనక ఇసుక వేసి సాధించేది మైలేజీ తగ్గించుకోవడం.

చలికాలపు టైర్లు కొనమన్న రెండో రహస్యమూ ఈ బాపతే. ఆ టైర్లు 7 డిగ్రీలకు దిగువన కూడా రబ్బరు మెత్తగా ఉండేలా చేసినవి. లంబసింగి ఉన్న చింతపల్లి కొండల్లో చలి ఒంటి అంకెకు దిగేది ఏడాదిలో కొన్ని తెల్లవారుజాములు. మిగతా కాలమంతా గాజువాక ఎండలో ఆ మెత్తటి టైర్లు అరిగిపోతూ ఉంటాయి.

"రాత్రంతా ప్లగ్గుకు పెట్టి ఛార్జ్ చేయాలి." ఈ రెండు బండ్లలో ఏదో ఒకదానికి ప్లగ్గు పెట్టే చోటు చూపించండి, నెల రోజులు నేను ఫిల్టర్ కాఫీ పోయిస్తాను. "మూడేళ్లకు బ్యాటరీ పోతుంది." దానికి 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ ఉంది. "వర్షంలో షాక్ కొడుతుంది." ఎక్కువ వోల్టేజీ తీగలను బండి ఒంటికి తగలకుండా విడిగా కడతారు, ఎక్కడైనా లీకైతే బండి తానే పసిగట్టి హెచ్చరిస్తుంది. జ్ఞానాపురంలో నడుంలోతు నీళ్లు నిలిచినప్పుడు దింపకూడదు, నిజమే. ఆ నీళ్లలో ఏ బండిని దింపుతాం గనక?

"చలిలో హైబ్రిడ్ ఇంజిన్ పదేపదే దానంతట అదే ఆన్ అవుతుంది, అది లోపం." లోపం కాదు. ఇంజిన్ వేడెక్కేదాకా అది ఆగదు, అలా ఉండేటట్టే చేశారు. పైగా మీరు హీటరు పెట్టుకుంటే ఆ వేడి ఇంజిన్ చుట్టూ తిరిగే నీళ్ల నుంచే రావాలి. జపాన్‌లో ప్రియస్ 1997లోనే రోడ్డెక్కింది. మోకాలిలోతు మంచు పడే హొక్కైడోకు లేని భయం మన లంబసింగికి ఎందుకు?

ఇంతవరకూ నవ్వి వదిలేయవచ్చు. నాలుగో రహస్యం అలాంటిది కాదు: "ఘాట్ దిగేటప్పుడు న్యూట్రల్‌లో వేయండి. పెట్రోలు ఆదా, బ్యాటరీ ఉచితంగా నిండుతుంది."

ఈ మాట నిరుడూ తిరిగింది, నేను కళ్లారా చూశాను. సంక్రాంతి వెళ్లాక అరకు నుంచి వస్తున్నాం. స్టీరింగ్ దగ్గర బావమరిది. గాలికొండ దాటి అనంతగిరి కాఫీతోటల మధ్య దిగుతుంటే ఒక వంపులో లీవరును డి (డ్రైవ్) నుంచి ఎన్ (న్యూట్రల్)కు తోశాడు. తెర మీద చక్రాల నుంచి బ్యాటరీ వైపు పారుతున్న గీత టక్కున ఆగిపోయింది. బండికి అప్పటిదాకా ఉన్న పట్టు వదిలింది. రెండు మలుపులు బ్రేకు తొక్కుతూనే ఉన్నాడు. మూడో మలుపుకు కాలిన వాసన లోపలికి వచ్చింది. వెనక సీట్లో మా అమ్మ "ఎవరో చెత్త తగలబెడుతున్నారు" అంది. తగలబడుతున్నవి మా బ్రేకు ప్యాడ్లు.

న్యూట్రల్‌లో ఈ బండ్ల బ్యాటరీ ఛార్జ్ కాదు. ఒక్క చుక్క కూడా. బండి వేగాన్ని కరెంటుగా మార్చే మోటారు పనే అక్కడ ఆగిపోతుంది, భారమంతా నాలుగు బ్రేకుల మీద పడుతుంది. అవి మరీ కాగితే లోపలి ద్రవం మరిగి పెడలు మెత్తగా నేలకు దిగిపోతుంది. అది ఏ మలుపులో జరుగుతుందో సందేశం పంపినవారు చెప్పరు. ఇక పెట్రోలు ఆదా సంగతి. గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలితే ఇప్పటి ఇంజిన్‌కు పెట్రోలే వెళ్లదు. ఆదా చేయడానికి అక్కడ ఏముంది?

ఒక చిన్న లెక్క. అయిదుగురితో కలిపి 1,600 కిలోల బండి 1,000 మీటర్ల ఎత్తు దిగితే విడుదలయ్యే శక్తి 4 యూనిట్ల పైమాటే. ఆ బ్యాటరీలో పట్టేది ముప్పావు యూనిట్. విడుదలైన శక్తిలో కొంత గాలికీ టైర్లకూ పోయినా, సగం ఘాట్ దిగకముందే బ్యాటరీ నిండుతుంది. మిగిలిన శక్తి ఎక్కడికి పోవాలి? అందుకే లీవరులో బి అనే అక్షరం పెట్టారు. దానిలో వేస్తే పెట్రోలు కాల్చకుండానే ఇంజిన్‌ను ఊరికే తిప్పి బండిని పట్టి ఉంచుతుంది. ఇంజిన్ హోరెత్తుతుంది. ఆ రోజు నేను బి వేయించగానే "బండి పాడైందా బావా?" అని వాడు బెదిరిపోయాడు. అప్పుడే అది బాగుపడింది, నాయనా.

పొగమంచులో హై బీమ్ వేయమన్నది ఏడోది. వేసి చూడండి, కళ్ల ముందు తెల్లటి దుప్పటి కట్టినట్టు ఉంటుంది. తగ్గించిన దీపం, ఫాగ్ లైట్లు, నెమ్మది. నాలుగు ఇండికేటర్లూ వెలిగించుకుని నడపవద్దు, మీరు ఎటు తిరుగుతారో వెనకవాడికి తెలియదు. ఏసీ ఆపేయమనడం కూడా తప్పే. అద్దం లోపలి తేమను పీల్చేది అదే.

"హైబ్రిడ్ అంటే నాలుగు చక్రాలూ లాగుతాయి." విదేశాల్లో వెనక కూడా మోటారు ఉన్నవి దొరుకుతాయి. ఇక్కడ ఈ రెండింటిలో ఆ సౌకర్యం, అంటే నాలుగు చక్రాల లాగుడు, మోటారు ఇంజిన్‌కు కాస్త సాయం మాత్రమే చేసే మైల్డ్ హైబ్రిడ్ రకంలో ఉంది, ఎక్కువ మైలేజీ ఇచ్చే పూర్తి హైబ్రిడ్‌లో లేదు. బురద దారిలో తోటకు వెళ్లేవారికి ఆ తేడా ముఖ్యం. అరకు తారు రోడ్డుకు అక్కరలేదు.

ఎనిమిదోది చదివి మాత్రం నోరు మూసుకున్నాను: "ఎక్కువగా హైవే మీద తిరిగేవారికి హైబ్రిడ్ దండగ." దాదాపు నిజం. ఎన్ఏడీ కూడలిలో ఆగుతూ కదులుతూ వెళ్లినప్పుడు నా బండి చూపించే మైలేజీ, విజయవాడ దారిలో నిలకడగా వంద మీద వెళ్తే రాదు. బ్రేకు పడనిచోట తిరిగి పట్టుకునేది ఏముంటుంది? సందేశం చెప్పని లోపాలూ ఉన్నాయి. డిక్కీ కింద బ్యాటరీ కూర్చోవడంతో రెండు పెద్ద పెట్టెలకే చోటు. ఎస్. కోట దాటి ఎక్కుడు మొదలైతే మూడు సిలిండర్ల ఇంజిన్ ఒకటే రాగం తీస్తుంది, వేగం మాత్రం తాపీగా వస్తుంది. మలుపుల్లో హుషారుగా నడపాలనుకునేవారికి విసుగే. కానీ గేరు మారే కుదుపు లేదు కాబట్టి, బస్సులో అయితే టైడా దగ్గరే నిమ్మకాయ వాసన చూసే మా అమ్మ అరకు దాకా కబుర్లు చెబుతూ వచ్చింది.

బాబాయీ, ఇంతకూ ఏది కొనాలని కదా మీరు అడిగింది. నడిపి చూడమని షోరూమువారు బీచ్ రోడ్డుకు తీసుకెళ్తారు. అక్కడ ఏ బండైనా హాయిగానే ఉంటుంది. సింహాచలం కొండ ఎక్కించి దింపుతామంటేనే వెళ్లండి. పిన్నిని వెనక సీట్లో కూర్చోబెట్టండి, దిగేటప్పుడు బి వేయండి. ఇసుక మూట మా వాచ్‌మన్ గది పక్కన ఉంది, ఇంట్లో కుండీలకు కావాలంటే మనిషిని పంపండి.