పంచె మనది, వెల్క్రో ఎవరిది?

మొన్న కావలిలో మా చిన్నాన్న కూతురి పెళ్ళిలో ఘోరం జరిగింది. ఆ అమ్మాయి ఆఫీసు నుంచి ఒక తెల్లాయన వచ్చాడు, ఐర్లండ్ మనిషి. సూటు వేసుకుని మూడో వరసలో కూర్చుని ఫొటోలు తీసుకుంటూ ఉంటే ఎవరికీ ఏ ఇబ్బందీ ఉండేది కాదు. పంచె కట్టుకొచ్చాడు. అదీ తొమ్మిది మూరల పంచె, గోచీ పోసి, ముందు కుచ్చిళ్ళు తీర్చి, భుజాన కండువాతో.

మా మేనమామ కాఫీ గ్లాసు కింద పెట్టేశాడు. "ఏంది సామీ ఇది, మన సంస్కృతి వీళ్ళకి డ్రామా డ్రస్సు అయిపోయిందా?"

ఈ మాట అన్నప్పుడు ఆయన ఒంటి మీద ఉన్నది సఫారీ సూటు. తెల్లవాళ్ళు ఆఫ్రికా అడవుల్లో వేటకి పోతూ వేసుకున్న బట్ట అది. మా మామ హెడ్మాస్టరుగా ఉన్నన్నాళ్ళూ బడికీ, రిటైరయ్యాక పెళ్ళిళ్ళకీ అదే వేస్తున్నాడు, ఇంతవరకు ఒక్క సింహమూ ఎదురుపడలేదు. పక్కనే పెళ్ళికొడుకు, ఉదయగిరి పిల్లోడు, షేర్వానీలో చెమటలు కక్కుతున్నాడు. తల మీద రాజస్థానీ పాగా, కాళ్ళకి ముక్కు వంపు తిరిగిన చెప్పులు. ఆడపిల్లలు సగం మంది పంజాబీ డ్రెస్సుల్లో ఉన్నారు. పేరులోనే పంజాబు ఉన్నా ఆ రాష్ట్రం నుంచి ఒక్క కాయితం ముక్క తెచ్చుకున్న పాపాన పోలేదు మనం.

ఇక నైటీ సంగతి. ఇంగ్లీషు వాళ్ళు పడుకోవడానికి కుట్టించుకున్నారు, పొద్దున లేచి విప్పేశారు. మనం దాన్ని పాల ప్యాకెట్‌కీ, కూరల బండి దగ్గర బేరానికీ, పిల్లోణ్ణి స్కూలు బస్సు ఎక్కించడానికీ వాడుకలోకి తెచ్చాం. మర్యాద తక్కువ కాకుండా పైన ఒక టవల్ కప్పాం. నెల్లూరులో ఏ వీధిలోనైనా పొద్దున ఏడింటికి నిలబడి చూడండి, పరాయి బట్టకి మనం చేర్చిన మర్యాద ఆ టవలే. ఇంగ్లండ్ నుంచి ఇప్పటిదాకా ఎవరూ మనోభావాలు దెబ్బతిన్నాయని కేసు పెట్టలేదు.

అయినా విషయం సీరియస్సే, నేను కాదనను. 2018లో కెనడా ప్రధాని ట్రూడో వచ్చినప్పుడు చూశాం కదా, ముంబైలో షారుఖ్ ఖాన్ నల్ల సూటులో వస్తే ఈయన బంగారు రంగు షేర్వానీలో తేలాడు. మనవాళ్ళు రోజుల తరబడి నవ్వారు. వేసుకున్నందుక్కాదు, పోయినచోటల్లా వేసుకున్నందుకు. 2025లో ఇటలీ ఫ్యాషన్ కంపెనీ ప్రాడా వాళ్ళు మిలాన్‌లో మోడళ్ళకి అచ్చం కొల్హాపురీ చెప్పులే తొడిగి నడిపించి, కొల్హాపూర్ పేరెత్తకుండా తోలు చెప్పులన్నారు. గొడవయ్యాక గానీ ఒప్పుకోలేదు. అది వేసుకోవడం కాదు, అరువు తెచ్చుకుని మాదేననడం. పెళ్ళికి పంచె కట్టిన మనిషినీ ఈ ప్రాడానీ ఒకే గాట కట్టాడు మా మామ.

ఆయనకి చీరాల సంగతి చెప్పాలని చూశాను. 2022 దాకా ప్రకాశం జిల్లాలోనే ఉన్న చీరాలలో నేతగాళ్ళు నూలుని నూనెలో, ఆముదపు కాయల బూడిద నీళ్ళలో నానబెట్టి ఎర్రా నల్లా గళ్ళ తేలియా రుమాళ్ళు నేశారు. అవి అరబ్బుల తలలకెక్కాయి. ఆ చుట్టుపక్కల మగ్గాల మీద నేసిన ఇంకో గళ్ళ బట్ట నైజీరియా పోయింది. అక్కడ కలబరి జనం దాన్ని ఉన్నదున్నట్టు కట్టుకోలేదు, బ్లేడుతో పోగులు కోసి లాగేసి కొత్త డిజైన్ తీసి 'పెలెటె బిటె' అని తమ పేరు పెట్టుకున్నారు. వాళ్ళ పెళ్ళిళ్ళకీ చావులకీ అదే బట్ట. మన నేతగాడు వాళ్ళని పరాయివాళ్ళని ఆపి ఉంటే సాయంత్రం పొయ్యి వెలిగేది కాదు. వ్యాపారంలో మాత్రం ఆ సరుకు పేరు 'రియల్ మద్రాస్ హ్యాండ్‌కర్చీఫ్'. నేసింది చీరాల, పేరు మద్రాసుకి. మనోభావాలు దెబ్బతినాల్సింది అక్కడ, మద్రాసు మనదే అని అరిచిన జాతి మనది!

నా లెక్కలో చూసుకోవాల్సింది వేరే ఉంది. అయ్యప్ప మాల వేసినవాడి నల్ల బట్టలు బాగున్నాయని ఎవడైనా పార్టీకి వేసుకొస్తే మనం ఊరుకుంటామా? నలభై ఒక్క రోజుల దీక్ష ఉంది దాని వెనక. సిక్కు పాగా కూడా ఫొటోకి పెట్టుకునే టోపీ కాదు. జపాన్‌లో కిమోనో ఎవరు కట్టినా సంతోషమే గానీ ఎడమ అంచు పైకి రావాలి, కుడి అంచు పైకి వేస్తే శవానికి కట్టినట్టు. రొట్టెల పండక్కి బారాషహీద్ దర్గాకి పోయే మా వీధివాళ్ళకి ఇవేవీ ఎవరూ పుస్తకం పెట్టి నేర్పలేదు, లోపలికి పోయేముందు జేబురుమాలు తీసి తలకి కట్టుకుంటారు, అంతే.

ఇంతకీ ఐర్లండ్ ఆయన ముందురోజే నెల్లూరు చిన్న బజారులో పంచె కొని, పురోహితుడి దగ్గర గంటసేపు నిలబడి కట్టడం నేర్చుకున్నాడట. మూడుసార్లు ఊడిందట, నాలుగోసారి నిలిచిందట. నేను కట్టింది వెల్క్రో పంచె, నడుం దగ్గర పట్టీ అతికిస్తే చాలు. ఫోను పెట్టుకోను జేబు కూడా ఉంది. తలంబ్రాల పళ్ళెం అందివ్వడానికి వంగాను, మైకులో మంత్రాల మధ్య పర్రుమని వినిపించింది. రెండు చేతులతో నడుం పట్టుకుని మామ పక్కన చేరాను. పంచె కట్టడం తెలిసినవాళ్ళు మండపంలో ఇద్దరే, ఒకాయన పెళ్ళి చేయిస్తున్నాడు.

మామ కాసేపు ఆలోచించి గొంతు తగ్గించాడు.

"పో, ఆయన్నే అడుగు. మర్యాదగా అడుగు, ఇంగ్లీషులో."