నల్ల రంగు కింద ఏముందో చూశారా?

కారు అడుగున పట్టే తుప్పు గురించి మూడు నెలలుగా రాద్దామనుకుంటున్నాను. కోపం చల్లారాక రాయొచ్చులే అని ఆగాను. చల్లారలేదు. పెద్ద పోస్టే, ముందే చెప్తున్నా. సెకండ్ హ్యాండ్ కారు కొనే ఆలోచనలో ఉన్నవాళ్లు, ముఖ్యంగా సముద్రం పక్క ఊళ్లలో ఉన్నవాళ్లు కాస్త ఓపిక పట్టి చివరిదాకా చదవండి.

మాది విశాఖ, లాసన్స్ బే కాలనీ. డాబా ఎక్కితే సముద్రం కనిపిస్తుంది. అమ్మకి మోకాళ్ల నొప్పులు, ఆటో ఎక్కి దిగడం కష్టమైపోతోందని 2022లో పాత కారు ఒకటి కొన్నాను. 2011 మోడల్ పెట్రోలు బండి, ఒకే ఓనరు, 58 వేల కిలోమీటర్లు, లక్షా డెబ్బై వేలు. పైన పెయింటు మెరిసిపోతోంది, సీట్ కవర్లు కొత్తవి, ఏసీ చల్లగా వస్తోంది. అమ్మినాయన తనంతట తానే కిందికి టార్చి వేసి చూపించాడు. "చూడండి సార్, అండర్ బాడీ కోటింగ్ కొత్తగా కొట్టించాం. ఇంకో పదేళ్లు మీరు కిందికి చూడక్కర్లేదు" అన్నాడు. అడుగంతా నల్లగా నిగనిగలాడుతోంది. నాకు ముచ్చటేసింది. పదకొండేళ్లు తిరిగిన బండికి అడుగు భాగం మాత్రం నిన్న షోరూం నుంచి వచ్చినట్టు ఎందుకుందని అడగాలని నాకు తట్టలేదు.

మొన్న వానాకాలంలో బండిలో ముక్కిపోయిన వాసన మొదలైంది. అద్దాలు దించి తిరిగాం, కర్పూరం పెట్టాం, పోలేదు. ఒకరోజు అమ్మ "కాళ్ల కింద చెమ్మగా ఉందిరా" అంది. గాజువాక ఆటోనగర్‌లో తెలిసిన టింకరింగ్ మేస్త్రీ దగ్గరికి తీసుకెళ్లాను. అరవై దాటిన మనిషి, నలభై ఏళ్లుగా రేకు పనే చేస్తున్నాడు. ముందు 7డీ మ్యాట్లు, అంటే కాళ్ల కింద నేలంతా కప్పేలా పరిచే మందపాటి మ్యాట్లు, పీకించాడు. వాటి కింద కార్పెట్ పిండితే నీళ్లు కారాయి. కార్పెట్ కూడా లేపి, ముందు ఎడమ సీటు విప్పి బయట పెట్టాడు. తర్వాత బండిని ర్యాంపు ఎక్కించి కిందికి వెళ్లి స్క్రూడ్రైవర్ పిడితో అడుగంతా కొడుతూ వచ్చాడు. కొన్ని చోట్ల టంగుమని మోగింది. కొన్ని చోట్ల తడి అట్ట మీద కొట్టినట్టు దబ్‌మంది. సీటు బోల్టులు బిగించే చోటికి వచ్చేసరికి ఆగాడు. స్క్రూడ్రైవర్ తిప్పి మొన పెట్టి బొటనవేలితో నొక్కాడు. సుత్తి వాడలేదు, బలమూ పెట్టలేదు. పిడి దాకా దిగిపోయింది. నల్ల కోటింగ్ పెచ్చు ఒకటి ఊడి నా చెప్పు మీద పడింది. లోపలి వైపు ఇటుకపొడి రంగులో రేకు పొరలు పొరలుగా అంటుకుని ఉంది. వేళ్లతో నలిపితే అప్పడంలా విరిగింది.

"ఇదేటి బాబూ, ఇక్కడ రేకు లేదు. రంగే సీటుని మోస్తంది. ఇక్కడెవురు కూకుంటారు?" అన్నాడు.

అమ్మ కూర్చుంటుంది. మూడేళ్లుగా అక్కడే కూర్చుంటోంది. సింహాచలం ఘాట్ రోడ్డు ఎక్కాం, అరకు వెళ్లొచ్చాం, శ్రీకాకుళం హైవే మీద వందలో వెళ్లాం. ఆ రోజుల్లో ఎప్పుడైనా గట్టిగా బ్రేకు కొట్టాల్సి వచ్చి ఉంటే ఆ సీటు ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ నిద్ర పట్టదు.

అమ్మినాయనకి ఫోన్ చేశాను. "పాత బండి కదా సార్, వైజాగ్ గాలికి తుప్పు మామూలే" అన్నాడు. ఇదిగో, ఈ "మామూలే" అన్న మాటే నన్ను ఇక్కడ కూర్చోబెట్టి ఇంత రాయిస్తోంది. తుప్పు మామూలే, ఒప్పుకుంటాను. తుప్పు ఉందని తెలిసి దాని మీద నల్ల రంగు కొట్టి "ఇక కిందికి చూడక్కర్లేదు" అనడం మామూలు కాదు. అది మోసం.

తుప్పు ఎలా పడుతుందో కొంచెం చెప్తాను, ఎందుకంటే "మా బండి వానలో పెట్టం, షెడ్డులోనే ఉంటుంది" అనేవాళ్లు మా వీధిలోనే చాలామంది. ఇనుముకి తుప్పు పట్టాలంటే నీళ్లు, ఆక్సిజన్ రెండూ కావాలి. తుప్పు పట్టేటప్పుడు ఆ నీటిలో సన్నగా కరెంటు పారుతుంది. ఉప్పు చేరితే అది ఇంకా సులువుగా పారుతుంది, పని వేగమవుతుంది. అంతకంటే ముఖ్యం, ఉప్పు గాలిలోంచి తేమను తనే లాక్కుంటుంది. గాలిలో తేమ 75 శాతం దాటితే మామూలు ఉప్పు తనంతట తానే కరిగి నీరవుతుంది. వానాకాలంలో వంటింట్లో ఉప్పు డబ్బా చూడండి, తెలుస్తుంది. మన తీరంలో గాలి ఏడాదిలో ఎన్నో రోజులు ఆ గీత దాటే ఉంటుంది. అంటే సముద్రపు గాలి మోసుకొచ్చిన ఉప్పు బండి అడుగున అంటుకుంటే చాలు, చుక్క వాన పడకపోయినా, షెడ్డులో కదలకుండా ఉన్నా రాత్రంతా అడుగు తడిగా ఉన్నట్టే. దానికి తోడు తుప్పు అసలు ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. అందుకే రేకుల అతుకుల మధ్య పుట్టిందంటే ఆ అతుకునే ఉబ్బించి విడదీస్తుంది. పైన మనకి చిన్న బుడగ కనిపించేసరికి లోపల పని చాలావరకు అయిపోయి ఉంటుంది.

నీళ్లు పైనుంచే రావక్కర్లేదు. నా బండిలో ఏసీ నీళ్లు బయటికి పోయే గొట్టం మూసుకుపోయింది, ఆ నీళ్లన్నీ కార్పెట్ కిందికే చేరాయి. పైన 7డీ మ్యాట్లు గట్టిగా పరిచి ఉండడంతో ఆరే దారి లేదు. అందంగా ఉంటాయని మనం వేయించుకునే ఆ మ్యాట్లు చెమ్మ చేరిన బండికి తడిగుడ్డ చుట్టినట్టే. ఇంకొకటి, మా ఊళ్లో అందరం చేసే పని. ఆదివారం పొద్దున్నే ఫిషింగ్ హార్బర్‌కి వెళ్లి వంజరమో చందువానో కొని, ఐసు వేయించి, కవర్లో కట్టించి డిక్కీలో పెట్టుకుని వస్తాం. కవరు కారుతుంది. ఆ ఉప్పునీళ్లు స్టెప్నీ కింద గుంటలో చేరతాయి. స్టెప్నీ తీసి ఆ గుంట తుడిచినవాళ్లని నేను ఒక్కరిని కూడా చూడలేదు. మా మేస్త్రీ మాత్రం డిక్కీ తెరవగానే అక్కడే వేలు పెట్టాడు.

ఇప్పుడు ఆ నల్ల కోటింగ్ సంగతి. కోటింగ్ మంచిదే, దాన్ని తిట్టడం లేదు. కొత్త బండికి, రేకు శుభ్రంగా, పొడిగా ఉన్నప్పుడు కొడితే రాళ్ల దెబ్బల నుంచి, నీళ్ల నుంచి కాపాడుతుంది. అదే పట్టిన తుప్పు గీకకుండా, ఉప్పు కడగకుండా, ఆరనివ్వకుండా దాని మీదే కొడితే తేమ లోపల బందీ అయిపోతుంది. బయటికి నున్నగా కనిపిస్తూ లోపల తినేస్తూనే ఉంటుంది. పైగా తొందరలో స్ప్రే చేసేవాళ్లు తలుపుల అడుగున, రన్నింగ్ బోర్డుల (తలుపుల కింద పొడవునా ఉండే పెట్టెలాంటి రేకు భాగాల) అడుగున నీళ్లు కారిపోవడానికి కంపెనీ పెట్టిన చిన్న రంధ్రాలను కూడా మూసేస్తారు. ఇక లోపలికి వెళ్లిన నీరు లోపలే. నా బండికి రెండు వైపులా ఆ రంధ్రాలన్నీ నల్లగా మూసుకుపోయి ఉన్నాయి. మేస్త్రీ ఒకదాన్ని మేకుతో పొడిస్తే టీ డికాక్షన్ రంగులో నీళ్లు ధారగా కారాయి. అర గ్లాసు ఉంటాయి.

"అడుగున కాస్త తుప్పు ఉంటే ఏమవుతుంది, ఇంజను బాగుంది కదా" అని మా బంధువు ఒకాయన అన్నారు. పెద్దాయన, ఎదురు చెప్పలేదు. ఇక్కడ చెప్తాను. లారీకో, జీపుకో కింద విడిగా ఛాసిస్, అంటే బరువంతా మోసే ఇనుప చట్రం, ఉంటుంది. మన చిన్న కార్లకి అలా ఉండదు. అడుగు రేకు, రన్నింగ్ బోర్డులు, స్తంభాలు, పైకప్పు అన్నీ కలిపి వెల్డింగ్ చేసిన ఒకే పెట్టె. ఆ పెట్టే ఛాసిస్. పక్కనుంచి ఇంకో బండి గుద్దితే ఆ దెబ్బ కాచుకోవాల్సింది రన్నింగ్ బోర్డు లోపలి రేకే. 2023 అక్టోబరు నుంచి కార్లని గుద్దించి చూసి భద్రతకి స్టార్లు ఇచ్చే భారత్ ఎన్‌క్యాప్ పరీక్ష వచ్చింది, అందరం స్టార్లు చూసి కొంటున్నాం, మంచిదే. కానీ ఆ స్టార్లు కొత్త బండిని గుద్ది ఇచ్చినవి. పన్నెండేళ్లు ఉప్పు గాలి తిన్న బండికి ఆ స్టార్లు ఉన్నాయని ఎవరూ చెప్పలేరు. బ్రేక్ ఆయిల్ పైపులు వెళ్లేది కూడా ఆ అడుగునే. చాలా బండ్లలో అవీ ఇనుపవే.

మనకి ఇది తెలియదా? ఇంటి గేటుకి పండగ ముందు గీకి, రెడాక్సైడ్ కొట్టి, ఆరాక రంగు వేయిస్తాం. బాల్కనీ గ్రిల్లు రెండేళ్లు వదిలేస్తే ఊచలు ఊడిపోతాయని బీచ్ రోడ్డు పక్క కాపురం ఉండే ప్రతి ఇంటికీ తెలుసు. హార్బర్‌లో మరబోటు ఓనరు బోటుని ఒడ్డుకి లాగించి అడుగంతా గీకించి రంగు వేయించనిదే నిద్రపోడు. ఇంత తెలిసిన మనమే కారుని మాత్రం పైన షాంపూతో కడిగి, డ్యాష్‌బోర్డు మీద పాలిష్ కొట్టి అయిపోయిందనుకుంటాం. కడిగే కుర్రాడు బకెట్టు నీళ్లతో పైనే కడుగుతాడు, అడుగు వైపు ఒక్క పైపు నీళ్లు కొట్టమని మనమూ అడగం.

మా చిన్నాన్న కొడుకు అమెరికాలో, మిషిగన్‌లో ఉంటాడు. అక్కడ చలికాలం మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. వాడికి ఫోన్లో ఇదంతా చెప్తే, "అన్నయ్యా, ఇక్కడ కారు వాష్‌కి వెళ్తే మొదట అడుగు కడుగుతారు, పైన తర్వాత" అన్నాడు. అక్కడ ఇది ఎంత పెద్ద విషయమంటే, టకోమా పికప్‌లు, మరికొన్ని మోడళ్ల ఛాసిస్‌లు తుప్పు పట్టి చిల్లులు పడుతున్నాయని టొయోటా మీద కేసు నడిచి, 2016లో ఆ కంపెనీ సుమారు 15 లక్షల బండ్లకు సంబంధించి 340 కోట్ల డాలర్ల దాకా సెటిల్‌మెంటుకి ఒప్పుకుంది. బ్రిటన్‌లో మూడేళ్లు దాటిన కారుకి ఏటా ఎం.ఓ.టి. అనే ఫిట్‌నెస్ పరీక్ష. సీటు బెల్టు, సస్పెన్షన్, స్టీరింగ్ బిగించిన చోటికి 30 సెంటీమీటర్ల లోపు రేకు తుప్పుతో బలహీనపడి ఉంటే బండి ఫెయిల్.

మన దగ్గర? సొంత కారుకి ఆర్.సి. 15 ఏళ్లకి ఇస్తారు. ఫిట్‌నెస్ చూసేది ఆ 15 ఏళ్లు నిండాక రెన్యువల్‌కి వెళ్లినప్పుడు, ఆ తర్వాత ఐదేళ్లకోసారి. ఈలోగా బండి నలుగురు చేతులు మారినా అడుగున రేకు ఉందో లేదో చూడమని అడిగే చట్టం నాకైతే ఎదురుపడలేదు. పొగ సర్టిఫికెట్ లేకపోతే ఫైను వేస్తాం. మనిషి కూర్చునే సీటుని రేకు మోస్తోందో రంగు మోస్తోందో చూడం. ఇన్సూరెన్సు వాళ్లని అడిగితే తుప్పు అరుగుదల కిందికి వస్తుంది, క్లెయిమ్ రాదు అంటారు. నేను కోరేది పెద్దదేమీ కాదు. పదేళ్లు దాటిన కారు పేరు మార్పిడి జరిగేటప్పుడు ఒక్కసారి లిఫ్టు మీద ఎక్కించి, సీటు, బెల్టు, సస్పెన్షన్ బిగించే చోట్లు చూసి, ఫొటోలు తీసి కాగితంతో పాటు జత చేయాలి. అరగంట పని. కొనేవాడికి అదొక్కటి చాలు.

ఇంకో భయం కూడా ఉంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ వైపు కార్లు రోజుల తరబడి నీళ్లలో ఉండిపోయాయి. అలాంటి బండ్లను పైన శుభ్రం చేయడం తేలిక. పెట్టెలాంటి బోర్డుల లోపల చేరిన బురద మాత్రం ఎవరూ తీయరు, అది లోపలి నుంచి తింటుంది. ఎక్కడ కొన్నా సీటు బెల్టు మొత్తం బయటికి లాగి చివర చూడండి. మట్టి గీత ఉంటే వెనక్కి తిరగండి.

చూసేటప్పుడు స్క్రూడ్రైవర్ పిడితో కొట్టి శబ్దం వినండి. ఎదుటివాడు వద్దంటే ఆ బండి వద్దు. కార్పెట్ లేపండి. స్టెప్నీ తీయించండి. అడుగు కొత్త నల్ల రంగుతో మెరుస్తుంటే కొట్టించిన బిల్లు, కొట్టక ముందు తీసిన ఫొటో అడగండి. పైపైన అక్కడక్కడ కనిపించే ఎర్ర మచ్చకి భయపడక్కర్లేదు, కనిపించే తుప్పుని బాగు చేయొచ్చు.

నా బండికి మేస్త్రీ పదకొండు రోజులు పని చేశాడు. కోటింగ్ అంతా గీకాడు. చెడిన రేకు మంచి రేకు దొరికేదాకా కోసి తీసేశాడు. కొత్త రేకు వెల్డింగ్ చేశాడు. పుట్టీ పెట్టి నున్నగా చేసేయమంటే చవకలో అయిపోయేదని, తను మాత్రం ఆ పని చేయనని ముందే చెప్పాడు. 42 వేలయింది. ప్రతి దశలో ఫొటోలు తీశాను.

అమ్మ మాత్రం ఆ బండి ఎక్కనంది. అమ్మేద్దామని పోయిన వారం తెలిసినవాళ్లకి చెప్పాను. అనకాపల్లి నుంచి ఒక కుర్రాడు వచ్చాడు, భార్య, చంటిపిల్లతో. ఫొటోలన్నీ చూపించి, ఆటోనగర్‌కి తీసుకెళ్లి ర్యాంపు ఎక్కించి, టార్చి, స్క్రూడ్రైవర్ చేతికిచ్చాను. పావుగంట కింద ఉన్నాడు. బయటికి వచ్చి, "పని బాగా చేయించారు అన్నా, కానీ పాపతో తిరగాలి, భయంగా ఉంది" అన్నాడు. నేను కూడా బలవంతం చేయలేదు. బండి మా గేటు పక్కనే ఉంది.