వీడియో ఎందుకు ఆగిందో ఫోన్‌కు తెలుసు, మనకే చెప్పదు

‘వీడియో స్ట్రక్ అవుతోంది.’ ‘బ్రైట్‌నెస్ దానంతట అదే పడిపోతోంది.’ మొబైల్ షాపు కౌంటర్ల దగ్గర తరచూ వినిపించే ఫిర్యాదులివి. రెండింటికీ ఎక్కువగా దొరికే సలహా మాత్రం ఒకటే: ఫార్మాట్ కొట్టించండి, అప్పటికీ తగ్గకపోతే ఫోన్ మార్చేయండి. ఫొటోలు, వాట్సాప్ చాట్‌లు, బ్యాంకు యాప్‌ల లాగిన్లు అన్నీ పోగొట్టుకున్నాక కూడా చాలా ఫోన్లు మళ్లీ అదే పని చేస్తాయి. ఎందుకంటే వాటిలో చాలావాటికి అసలు రోగమే లేదు.

వేడి నుంచి తనను కాపాడుకోవడానికో, బ్యాటరీ మిగల్చడానికో, చుట్టూ ఉన్న వెలుగును తప్పుగా అంచనా వేసో ఫోన్ తీసుకునే నిర్ణయాలు మన కంటికి లోపాల్లా కనిపిస్తాయి. ఎందుకలా చేసిందో ఫోన్‌లోని సాఫ్ట్‌వేర్‌కు తెలుసు. తెర మీద మాత్రం ఒక్క ముక్క రాదు. నా అభ్యంతరమంతా ఈ మౌనం మీదే.

ముందు వీడియో సంగతి. స్ట్రక్ అవడం అని మనం అనేదాంట్లో మూడు వేర్వేరు సమస్యలున్నాయి. బొమ్మా మాటా రెండూ ఆగిపోయి, మధ్యలో గుండ్రం తిరుగుతుంటే అది నెట్ సమస్య. మాట సాఫీగా వస్తూ బొమ్మ మాత్రమే గెంతుతుంటే ఫోన్ ఆ వీడియోను విప్పలేక తడబడుతోందని అర్థం. కెమెరా పక్కకు కదిలే షాట్లలో, టైటిల్స్ పైకి జరిగేటప్పుడు మాత్రమే సన్నగా అదిరితే అది మూడో రకం. మొదటి రెండింటినీ వేరు చేయడం తేలికే. అదే వీడియోను అదే క్వాలిటీలో డౌన్‌లోడ్ చేసి, ఏరోప్లేన్ మోడ్ పెట్టి చూడాలి. సాఫీగా నడిచిందంటే లోటు వైఫైలోనో, టవర్‌లోనో ఉంది. కొత్త ఫోన్ కొన్నా ఒరిగేదేమీ లేదు.

రెండో రకం గురించే షాపుల్లో ఎవరూ చెప్పరు. వీడియోలన్నీ కుదించిన రూపంలోనే మన దగ్గరికి వస్తాయి. కుదించే పద్ధతిని కోడెక్ అంటారు. 2003లో వచ్చిన హెచ్.264ను విప్పడానికి దాదాపు ప్రతి ఫోన్ చిప్‌లోనూ ప్రత్యేక భాగం ఉంటుంది. 2013 నాటి హెచ్‌ఈవీసీ, వీపీ9లకూ ఇప్పటి ఫోన్లలో ఆ ఏర్పాటు ఉంది. చిక్కంతా 2018లో వచ్చిన ఏవీ1తోనే. అదే క్వాలిటీకి తక్కువ డేటా చాలు కాబట్టి యూట్యూబ్, నెట్‌ఫ్లిక్స్ లాంటి సంస్థలు దానివైపు మొగ్గాయి. మీడియాటెక్ 2019లోనే డైమెన్సిటీ 1000 చిప్‌లో దీనికి భాగం పెట్టింది. క్వాల్‌కామ్ స్నాప్‌డ్రాగన్ ఫోన్ చిప్‌లలోకి అది 2022 చివర్లో ప్రకటించిన 8 జెన్ 2తో వచ్చింది, ఐఫోన్‌లోకి 2023లో 15 ప్రోతో. అంతకు ముందు ఫోన్లు, చవక చిప్‌లున్న కొత్త ఫోన్లు చాలావరకు ఆ పనిని మామూలు ప్రాసెసర్ నెత్తిన వేస్తాయి. 480పీలో బాగానే నడిచిన వీడియో 1080పీకి, సెకనుకు 60 ఫ్రేములకు (అంటే 60 బొమ్మలకు) రాగానే గెంతడం మొదలుపెడుతుంది. ఫోన్ వేడెక్కుతుంది, చార్జింగ్ కరిగిపోతుంది.

యూట్యూబ్ యాప్ సెట్టింగ్స్‌లో జనరల్ కింద ‘స్టాట్స్ ఫర్ నెర్డ్స్’ (టెక్నాలజీ పిచ్చోళ్ల కోసం లెక్కలు అని అర్థం) ఆన్ చేసుకునే వీలుంది. వీడియో ఏ కోడెక్‌లో వస్తోందో, ఎన్ని ఫ్రేములు వదిలేస్తోందో అందులో కనిపిస్తుంది. వదిలేసిన ఫ్రేముల లెక్క పెరుగుతూ పోతుంటే క్వాలిటీ ఒక మెట్టు దించడమే సరైన మందు. ఇంత పనికొచ్చే సమాచారాన్ని మామూలు మనుషుల కోసం కాదన్నట్టుగా ఆ పేరు పెట్టి లోపల దాచడం నాకు ఎంతమాత్రం నచ్చదు.

పెళ్లి వీడియోగ్రాఫర్ పెన్‌డ్రైవ్‌లో ఇచ్చిన 4కే ఫైలు ఫోన్‌లో ఆగి ఆగి రావడం కూడా చాలా ఇళ్లలో చూసేదే. అది 10 బిట్ (మామూలు 8 బిట్ కన్నా రంగుల ఛాయలు ఎక్కువుండే రకం) హెచ్.264లో ఉంటే చాలా ఫోన్ల హార్డ్‌వేర్ దాన్ని ముట్టుకోదు. ఎంఎక్స్ ప్లేయర్‌లో హెచ్‌డబ్ల్యూ, ఎస్‌డబ్ల్యూ అని మార్చుకునే బటన్ ఉన్నది ఇలాంటి సందర్భాల కోసమే. మొదటిది చిప్‌లోని ప్రత్యేక భాగాన్ని వాడుతుంది, రెండోది ప్రాసెసర్‌ను. రెండింటిలోనూ గెంతితే తంటాలు పడకుండా ఆ వీడియోగ్రాఫర్‌నే 8 బిట్, 1080పీ కాపీ అడగడం మంచిది.

మూడో రకానికి మరమ్మతు లేదు, అవసరమూ లేదు. సినిమా సెకనుకు 24 ఫ్రేములు. మామూలు తెర సెకనుకు 60 సార్లు మారుతుంది. 60ని 24 సమంగా భాగించదు కాబట్టి ఒక ఫ్రేము రెండుసార్లు, తర్వాతిది మూడుసార్లు కనిపిస్తుంది. ఆ ఎగుడుదిగుడే కంటికి అదురులా తోస్తుంది. సెకనుకు 120 సార్లు మారే 120 హెర్ట్జ్ తెర మీద ప్రతి ఫ్రేము సరిగ్గా అయిదుసార్లు వస్తుంది కాబట్టి అదురు పోతుంది. కాకపోతే బ్యాటరీ సేవర్ ఆన్ అయితే చాలా ఫోన్లు తెరను 60కి దించేస్తాయి. నిన్న బాగున్న సినిమా ఇవాళ అదురుతోందంటే ముందు అక్కడ చూడాలి.

వీడియో ఫిర్యాదునూ బ్రైట్‌నెస్ ఫిర్యాదునూ కలిపే కారణం వేడి. ఐఫోన్‌ను 0 నుంచి 35 డిగ్రీల మధ్య వాతావరణంలో వాడమని ఆపిల్ చెబుతోంది. మే నెలలో రామగుండంలో, రెంటచింతలలో 40 దాటడం మామూలే. ఆ ఎండలో బండి హ్యాండిల్‌కు ఫోన్ తగిలించి మ్యాప్స్ పెట్టుకున్నా, చార్జింగ్‌లో ఉంచి మ్యాచ్ చూసినా ఫోన్ ముందుగా ప్రాసెసర్ వేగం తగ్గిస్తుంది, ఆ వెంటే తెర వెలుగు దించుతుంది. ఆటో బ్రైట్‌నెస్ ఆపేసినా ఈ దించుడు ఆగదు. చూసేవారికి మాత్రం డిస్‌ప్లే పోయిందేమోనని టెన్షన్. చార్జర్ తీసి, వెనక పౌచ్ విప్పి, నీడలో కాసేపు ఉంచితే చాలు. ఫ్రిజ్‌లో మాత్రం పెట్టకూడదు, లోపల తేమ చేరుతుంది.

ఇక ఆటో బ్రైట్‌నెస్. చుట్టూ ఉన్న వెలుగును కొలిచే సెన్సర్ సాధారణంగా ఫోన్ పైభాగంలో, ఇయర్‌పీస్ దగ్గర గానీ తెర కింద గానీ ఉంటుంది. వీడియో చూసేటప్పుడు ఫోన్‌ను అడ్డంగా పట్టుకుంటాం. అప్పుడు ఒక చెయ్యి సరిగ్గా ఆ సెన్సర్ మీద పడుతుంది. గదిలో లైటు తీసేశారనుకుని ఫోన్ వెలుగు తగ్గిస్తుంది. వీడియో పెట్టగానే డల్ అయిపోతోందనే ఫిర్యాదుల్లో కొన్నింటికి ఇంతకు మించి కారణం ఉండదు. నల్ల అంచున్న టెంపర్డ్ గ్లాస్ ఆ సెన్సర్‌ను కప్పేసినా ఇదే జరుగుతుంది. గ్లాస్ తీసి ఒకసారి చూడకుండా డిస్‌ప్లే మార్పించడానికి ఒప్పుకోకండి.

2018లో ఆండ్రాయిడ్ 9తో గూగుల్, దాని సోదర ఏఐ సంస్థ డీప్‌మైండ్ కలిసి అడాప్టివ్ బ్రైట్‌నెస్ తెచ్చాయి. మనం స్లైడర్‌ను ఎప్పుడు ఎటు జరుపుతున్నామో చూసి అది నేర్చుకుంటుంది. రాత్రి పడుకుని చూస్తూ రోజూ బాగా తగ్గించేవారి ఫోన్ ఆ అలవాటునే పట్టుకుంటుంది. పిక్సెల్ లాంటి ఫోన్లలో యాప్‌ల జాబితాలో డివైస్ హెల్త్ సర్వీసెస్‌కు వెళ్లి, స్టోరేజీలో ఆ నేర్చిన లెక్కలు మాత్రమే చెరిపేయొచ్చు. ఫోన్ మొత్తం ఫార్మాట్ చేయక్కర్లేదు. ఐఫోన్‌లో ఈ ఆటో బ్రైట్‌నెస్ స్విచ్ డిస్‌ప్లే పేజీలో దొరకదు. యాక్సెసిబిలిటీలో, డిస్‌ప్లే అండ్ టెక్స్ట్ సైజ్ పేజీ అడుగున ఉంటుంది. అక్కడ వెతకాలని ఎవరికి తోస్తుంది?

విసుగొచ్చి ఆటోను శాశ్వతంగా ఆపేయడం మాత్రం నష్టమే. చాలా ఓలెడ్ ఫోన్లలో ప్రకటనల్లో చెప్పే గరిష్ఠ వెలుగు ఎండలో, అదీ ఆటో ఆన్‌లో ఉన్నప్పుడే వస్తుంది. స్లైడర్‌ను చివరిదాకా తోసినా అంత రాదు. ఆటో ఆపేసి, ఎండలో తెర కనబడట్లేదని బాధపడేవారికి ఈ సంగతి ఎవరూ చెప్పి ఉండరు. యాప్‌ల సొంత స్లైడర్లనూ గమనించాలి. నెట్‌ఫ్లిక్స్‌లో, ఎంఎక్స్ ప్లేయర్‌లో తెర ఎడమవైపు వేలు జరిగితే ఆ వీడియోకు మాత్రమే వెలుగు మారుతుంది.

ఆండ్రాయిడ్‌లో యాప్‌లు తయారుచేసేవారి కోసం దాచి ఉంచే డెవలపర్ ఆప్షన్స్‌లోకి వెళ్లి ‘డిసేబుల్ హెచ్‌డబ్ల్యూ ఓవర్‌లేస్’ ఆన్ చేస్తే వీడియో స్పీడ్ పెరుగుతుందని చెప్పేవాళ్లున్నారు. నమ్మకండి. వీడియోను నేరుగా తెరకు పంపే దారిని అది మూసేసి, ఆ పని జీపీయూ (చిప్‌లో గ్రాఫిక్స్ చూసుకునే భాగం) మీద వేస్తుంది. మిగిలేది అదనపు వేడి. ర్యామ్ బూస్టర్ యాప్‌లూ అంతే.

ఫోన్ చల్లగా ఉన్నప్పుడు, సేఫ్ మోడ్‌లో (మనం వేసుకున్న యాప్‌లు నడవని స్థితిలో), గ్లాస్ లేకుండా, మామూలు హెచ్.264 ఫైలు కూడా గెంతుతుంటే అది నిజమైన లోపమే. వారంటీ ఉంటే సర్వీస్ సెంటర్ ఇచ్చే జాబ్ షీట్‌లో ఆ పరిస్థితులన్నీ రాయించుకోవాలి. సర్వీస్ సెంటర్ దాటవేస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది.

కానీ ఈ పరిశోధనంతా కొన్నవాళ్లే చేసుకోవాలా? 2019లో వచ్చిన ఆండ్రాయిడ్ 10 నుంచి ఫోన్ వేడిని ఏడు స్థాయిలుగా యాప్‌లకు తెలియజేసే ఏర్పాటు ఉంది. యాప్‌లకు చెప్పగలిగింది యజమానికి ఎందుకు చెప్పరు? ఏ యాప్ ఎంత బ్యాటరీ తిన్నదో చూపిస్తున్న పేజీ పక్కనే, వేడి వల్ల వెలుగు తగ్గించాం, ఈ వీడియోను మీ చిప్ నేరుగా విప్పలేదు అని రెండు వాక్యాలు చూపించడానికి కొత్త సెన్సర్ అక్కర్లేదు. ఐరోపా యూనియన్ 2025 జూన్ 20 నుంచి కొత్త ఫోన్ మోడళ్లకు, వాటి అమ్మకాలు ఆగాక కూడా విడిభాగాలు 7 ఏళ్లు, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు 5 ఏళ్లు అందించడం తప్పనిసరి చేసింది. మన దగ్గర 2022 డిసెంబరులో కంపెనీల మరమ్మతు సమాచారాన్ని ఒకచోట ఉంచే రైట్ టు రిపేర్ పోర్టల్ వచ్చింది. మరమ్మతు సౌలభ్యాన్ని బట్టి ఫోన్లకు మార్కులిచ్చే సూచీపై కేంద్రం వేసిన కమిటీ 2025 మేలో నివేదిక ఇచ్చింది. ఆ మార్కుల్లో కొన్నింటిని, తన ఇబ్బందికి కారణమేంటో యజమానికి అర్థమయ్యే మాటల్లో, తెలుగుతో సహా మన భాషల్లో చూపించే ఫోన్లకు కేటాయించాలి.