మొక్క నాటితే మురుగు పోదు

మీ ఫ్యాక్టరీ నీళ్లు మా డ్రెయిన్‌లో కలుస్తున్నాయని గ్రామస్థులు నిలదీస్తే, గట్టు మీద మేము నాటిన మొక్కలు చూడండని కంపెనీలు జవాబిస్తున్నాయి. అడిగింది నీటి సంగతి, చెబుతున్నది మొక్కల లెక్క. గోదావరి డెల్టాలో ఈ ధోరణి ఏటేటా ముదురుతోంది. అధికారులు ఆ జవాబును ఒప్పుకుని ఊరుకోవడమే మమ్మల్ని ఎక్కువగా కలవరపెడుతోంది. ఈ రోజు ఒక కంపెనీ దగ్గర చెల్లిన జవాబు రేపు ప్రతి కంపెనీ దగ్గరా చెల్లుతుంది.

ప్రపంచ పర్యావరణ దినోత్సవం పేరిట జూన్ 5న జరిగే తంతు అందరికీ తెలిసిందే. జానెడు మొక్క, దాని వెనుక నిలువెత్తు ఫ్లెక్సీ. ఆ ఫ్లెక్సీ కూడా ప్లాస్టిక్కే. కడియం నర్సరీ నుంచి తెచ్చిన మొక్కను నల్ల కవరు చింపకుండానే గుంతలో దించేసిన చోట్లు ఉన్నాయి. కవరులో చుట్టుకుపోయిన వేరు నేలను అందుకునేదెలా? కంచె ఉండదు, నీళ్లు పోసే మనిషి ఉండడు. ఎండకు మాడినవి మాడగా, మేకలు మేసినవి మేయగా ఎన్ని మిగిలాయో ఎవరూ లెక్కించరు. నాటిన లెక్క మాత్రం కంపెనీ వార్షిక నివేదికలోకి ఎక్కుతుంది.

ఇక భీమవరం మధ్య నుంచి పారే యనమదుర్రు డ్రెయిన్ వంతెన మీద ఒక్కసారి నిలబడి చూడండి. నల్లబడిన నీరు, అంచున నురగ, గుర్రపుడెక్కలో ఇరుక్కున్న షాంపూ ప్యాకెట్లు, చిప్స్ కవర్లు, నీళ్ల సీసాలు. ఆ కవర్లలో చాలావాటి మీద ఆకుపచ్చని ఆకు బొమ్మ ఉంటుంది. ఈ మురుగులో పట్టణాల వాటా ఉంది, మున్సిపాలిటీల నిర్లక్ష్యమూ ఉంది. అంతమాత్రాన పరిశ్రమలు వదిలే నీరు లెక్కలోంచి జారిపోదు. రొయ్యల చెరువుల ఉప్పు ఊటకు పక్క చేలు చవుడు తేలుతున్నాయి, మంచినీటి చెరువులు చెడుతున్నాయి. శివారు గ్రామాల్లో టిన్ను నీళ్లు కొనని ఇల్లు అరుదు. 1852లో ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పూర్తయిన నాటి నుంచి కాలువ నీటితో బతికిన సీమలో, కూలికి వెళ్లే కుటుంబం కూడా తాగే నీటికి డబ్బు కట్టాల్సి వస్తోంది.

రొయ్య ఎగుమతిదారుల దగ్గర శుభ్రతకు రుజువులు లేవా అంటే, కావలసినన్ని ఉన్నాయి. రొయ్యలో యాంటీబయోటిక్ అవశేషం కనిపిస్తే అమెరికా సరుకును తిప్పి పంపుతుంది. యూరప్ 2016 నుంచి మన సాగు రొయ్య సరుకులో సగాన్ని పరీక్షిస్తోంది. ఆ పరీక్షలో నెగ్గడానికి మన కంపెనీలు లేబొరేటరీలు పెట్టుకున్నాయి, అంతర్జాతీయ ధ్రువపత్రాలు తెచ్చుకున్నాయి, వాటిని పెట్టెల మీద ముద్రించుకున్నాయి. అంటే చేతకాక కాదు. కొనేవాడు అడిగితే గ్రాములో అణువంత మందును కూడా పట్టుకోగల శక్తి వీళ్లకు ఉంది. అదే రొయ్యల పట్టుబడి తర్వాత చెరువును ఖాళీ చేసినప్పుడు ఆ నీరు ఏ డ్రెయిన్‌లో పడింది, అందులో ఏముంది అని ఊరివాడు అడిగితే కాగితం దొరకదు. తినేవాడికి పరీక్ష, తాగేవాడికి మొక్క. ఈ రెండు కొలతలు ఎన్నాళ్లు?

ఆక్వా మీద లక్షల కుటుంబాలు ఆధారపడి ఉన్నాయని, 2025లో అమెరికా సుంకాల దెబ్బకు రైతు కుదేలయ్యాడని, కొన్ని కంపెనీలు చిత్తశుద్ధితోనే శుద్ధి ప్లాంట్లు నడుపుతున్నాయని పరిశ్రమ వర్గాలు అంటాయి. నిజమే. చిత్తశుద్ధితో నడిపేవారికి తమ నీటి పరీక్ష ఫలితాన్ని గేటు బయట అంటించడానికి అభ్యంతరం ఉండకూడదు.

మా భయం ఆనవాయితీ గురించి. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు రొయ్యల సాగు కేసులో కాలుష్యం చేసినవాడే మూల్యం చెల్లించాలని తేల్చింది, తీర నియంత్రణ మండలంలోని చెరువులను తొలగించమంది. 2005లో చట్టం చేసి అనుమతి పొందిన చెరువులకు దారి ఇచ్చారు. ఆ చట్టానికి 2023లో చేసిన సవరణతో జైలు శిక్ష తీసేసి జరిమానాతో సరిపెట్టారు. అదే ఏడాది జన్ విశ్వాస్ చట్టంతో పర్యావరణ పరిరక్షణ చట్టంలోని అయిదేళ్ల జైలు శిక్ష స్థానంలో 10 వేల నుంచి 15 లక్షల రూపాయల జరిమానా వచ్చింది. ఒక్కొక్క మెట్టూ దిగుతూ వచ్చాం. చట్టం భయం సన్నగిల్లిన చోట ప్రచారం బలిసింది. 2016లో గొంతేరు డ్రెయిన్ పాడవుతుందని తుందుర్రు, కంసాలి బేతపూడి, జొన్నల గరువు గ్రామాల వారు ఆక్వా ఫుడ్ పార్కును వ్యతిరేకిస్తే, ఊళ్లలో పోలీసులను దింపారు, 144వ సెక్షన్ పెట్టారు. చివరికి వ్యర్థ జలాలను పైపులైనులో సముద్రానికి పంపుతామని ప్రభుత్వమే చెప్పింది. కాలుష్యమే ఉండదన్న చోట పైపులైను అవసరం ఎందుకు వచ్చిందో అప్పుడూ ఎవరూ వివరించలేదు.

కాగితం మీద నిబంధనలకు కొదవ లేదు. మార్కెట్ విలువలో తొలి 1000 లిస్టెడ్ కంపెనీలు 2022-23 నుంచి పర్యావరణ బాధ్యత నివేదిక ఇవ్వాలని స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ తప్పనిసరి చేసింది. కానీ డెల్టాలోని ప్రాసెసింగ్ యూనిట్లు, మేత తయారీదారుల్లో చాలామంది స్టాక్ మార్కెట్ గడప తొక్కనివారే. పెద్ద కంపెనీకి సరుకు అందించే వారి వివరాలనైనా రాబట్టవచ్చనుకుంటే, 2024 డిసెంబరులో సెబీ దాన్ని ఐచ్ఛికం చేసింది. చెరువు గట్టు దగ్గర జరిగేది నివేదికలో కనిపించే దారి అక్కడితో మూసుకుపోయింది. ప్లాస్టిక్ సంగతీ అంతే. ఎంత ప్లాస్టిక్ మార్కెట్లోకి వదిలారో అంత రీసైకిల్ చేయించినట్టు బ్రాండ్లు ధ్రువపత్రాలు కొనుక్కోవచ్చు. 2023లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి తనిఖీ చేస్తే అలాంటివి లక్షల సంఖ్యలో నకిలీవని తేలింది. కోనసీమ కాలువ లాకుల దగ్గర పేరుకున్న సాషే ప్యాకెట్లు ఎవరి ఖాతాలో రీసైకిల్ అయ్యాయి?

చమురు, గ్యాస్ కంపెనీలనూ ఇదే కొలతతో కొలవాలి. 1995 జనవరిలో పాశర్లపూడి బావి బద్దలై 65 రోజులు మండింది. 2014 జూన్ 27 తెల్లవారుజామున కోనసీమలోని నగరం అనే గ్రామంలో గ్యాస్ పైపులైను పేలి 20 మందికి పైగా చనిపోయారు. బడికి బెంచీలు, ఊరికి వాటర్ ప్లాంటు ఇస్తే సంతోషమే. కంపెనీల చట్టం 2013 లాభాల్లో 2 శాతం సామాజిక బాధ్యతకు ఖర్చు చేయమంది, ఇస్తున్నారు. అయితే ఏ చట్టం ప్రకారమైనా చేసి తీరాల్సిన పనికి పెట్టిన ఖర్చు ఆ 2 శాతంలోకి రాదని కేంద్రం 2014లోనే స్పష్టం చేసింది. పైపు తుప్పు పట్టకుండా చూడటం, నీటిని శుద్ధి చేసి వదలడం దానధర్మం కాదు, వ్యాపారం చేసినందుకు కట్టాల్సిన మొదటి ఖర్చు. అది కట్టనివారు ఊరికి ఎన్ని బెంచీలు ఇచ్చినా బాకీదారులే.

నిజమైన పని ఎలా ఉంటుందో తెలియాలంటే దూరం వెళ్లనక్కర్లేదు. కాకినాడ దగ్గరి కోరంగిలో పాడైన మడ అడవిని నిలబెట్టడానికి చేప ముల్లు ఆకారంలో కాలువలు తవ్వి, ఆటుపోటు నీటిని లోపలి దాకా పారించి, పూడిక తీస్తూ ఏళ్ల తరబడి కాపలా కాశారు. మొదట నీటిని సరిచేశారు. మొక్క సంగతి ఆ తర్వాతే. 1996 నవంబరు తుపానును చూసిన తీర గ్రామాల వారికి మడ విలువ ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆ శ్రమను ఫొటో కోసం పడవెక్కి వచ్చిన వారితో కలిపి లెక్కించడం అన్యాయం.

పర్యావరణం పేరుతో తప్పుదోవ పట్టించే ప్రకటనలపై 2024 అక్టోబరులో కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ మార్గదర్శకాలు తెచ్చింది. ‘పర్యావరణ హితం’ అన్న ప్రతి మాటకూ ఆధారం చూపాలంది. తొలిసారి తప్పుకు 10 లక్షలు, మళ్లీ చేస్తే 50 లక్షల రూపాయల వరకు జరిమానా వేసే అధికారం చట్టం ఆ సంస్థకు ఇచ్చింది. జిల్లా యంత్రాంగం ఈ అధికారాన్ని గుర్తు చేసుకోవాలి. అలాంటి ప్రకటన చేసిన ప్రతి కంపెనీ గొట్టం దగ్గర కాలుష్య నియంత్రణ మండలి నెలనెలా నమూనా తీయాలి. ఫలితాన్ని తెలుగులో పంచాయతీ కార్యాలయం గోడ మీద అంటించాలి. కంపెనీ తానే చెప్పి, తానే కొలిచి, తానే మెచ్చుకునే పద్ధతి ఇకనైనా ఆపాలి.

కలెక్టర్లకు, శాసనసభ్యులకు, కాలుష్య నియంత్రణ మండలి అధికారులకు ఒక మాట. వేదిక మీద కంపెనీ ఇచ్చే శాలువా కప్పించుకున్నవారు రేపు అదే కంపెనీకి నోటీసు ఇవ్వగలరని డ్రెయిన్ పక్క ఇళ్లవాళ్లు నమ్మడం లేదు. వాళ్ల ఫిర్యాదులు మీ కార్యాలయాల్లోనే ఉన్నాయి. ముందు వాటికి జవాబు రాయండి.