చెమట పట్టింది సరే, కొవ్వు కరిగిందా?

పచ్చిమిరపకాయ కొరికాక చెవులు వేడెక్కి, ముక్కు కారి, నుదుటి మీద చెమట పట్టేసరికి "చూశావా, కొవ్వు ఎలా కరిగిపోతోందో" అనే మనిషి ప్రతి గుంపులోనూ ఒకరుంటారు. కొన్నాళ్లు ఆ మనిషిని నేనే. ఇప్పుడు ఆ మాట వింటే నవ్వొస్తుంది, ఎందుకంటే ఆ చెమట కొవ్వు కరగడం వల్ల పట్టింది కాదు, ఒళ్లు మోసపోవడం వల్ల పట్టింది.

నొప్పి తెలిపే నరాల కొసల్లో టీఆర్‌పీవీ1 అనే ప్రోటీన్ ఉంటుంది. దాదాపు 43 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడి తగిలితే "కాలుతోంది" అని మెదడుకు కబురు పంపడం దాని పని. మిరపకాయకి కారం ఇచ్చే కాప్సైసిన్ అనే పదార్థం వెళ్లి సరిగ్గా దానికే అతుక్కుంటుంది. నిప్పు లేదు, మంట మాత్రం ఉంది! మెదడు నమ్మేసి ఒంటిని చల్లబరిచే పని మొదలుపెడుతుంది, చెమట అందులో భాగమే. ఈ ప్రోటీన్‌ని అమెరికా శాస్త్రవేత్త డేవిడ్ జూలియస్ బృందం 1997లో పట్టుకుంది, వెతకడానికి వాడిందీ కాప్సైసిన్‌నే. 2021లో నోబెల్ పంచుకున్న ఇద్దరిలో ఆయనొకరు.

మరి కారం తింటే మెటబాలిజం, అంటే ఒళ్లు కేలరీలు ఖర్చుపెట్టే వేగం, పెరుగుతుందనేది శుద్ధ అబద్ధమా? కాదు. కాప్సైసిన్ నరాలను కదిలిస్తే అడ్రినలిన్ విడుదలవుతుంది, ఒంట్లో వేడి పుట్టించడానికే ఉన్న గోధుమరంగు కొవ్వు కూడా కొంచెం చురుగ్గా పనిచేయొచ్చు. కాకపోతే లెక్క దగ్గరే కథ అడ్డం తిరుగుతుంది: మనుషుల మీద చేసిన పరీక్షల్లో కనిపించిన అదనపు ఖర్చు బాగా వచ్చినప్పుడు కూడా రోజుకి 50 కేలరీల చుట్టుపక్కలే, కొన్నిట్లో ఏమీ కనిపించలేదు. ఒక టేబుల్ స్పూన్ నూనెలో దాదాపు 120 ఉంటాయి. కారంగా ఉండాలని ఇంకో చెంచా నూనె పోసి వేయించామంటే లాభం ఎటు పోయిందో మీరే చూసుకోండి.

పైగా ఇది అలవాటైపోయే సరుకు. మళ్లీ మళ్లీ తగిలితే ఆ నరాలు మొద్దుబారతాయి (నొప్పికి కాప్సైసిన్ పూతలు వాడేది ఈ గుణం చూసే). కారం తిని ఆకలి తగ్గడం కూడా అరుదుగా తినేవాళ్లలోనే ఎక్కువగా కనిపించింది. అంటే రోజూ కారం తినే మనకి దక్కేది ఇంకా తక్కువన్నమాట.

ఇంత తెలిసీ ఒకసారి "ఫ్యాట్ బర్నర్" అని రాసున్న కాప్సైసిన్ మాత్రల సీసా కొన్నాను. బరువు చూసుకునే మిషన్‌లో అంకె కదల్లేదు. కడుపులో మంట మాత్రం మూడు రోజులు ఉంది. మర్నాడు పొద్దున బాత్‌రూమ్‌లో సంగతి వేరే చెప్పక్కర్లేదు, ఆ ప్రోటీన్ నాలుక దగ్గరే ఆగదు, పేగు చివరి దాకా ఉంటుంది.