అయ్యా జీసీ శాతం గారూ, తమరి బయోడేటాలో కొన్ని సందేహాలు

మహారాజశ్రీ జీసీ శాతం గారి సముఖమునకు,

ఉభయకుశలోపరి. ఏ జీనోమ్ (జీవి మొత్తం డీఎన్ఏ) పేపర్ తెరిచినా మొదటి పట్టికలో, పొడవు పక్కనే తమరు దర్శనమిస్తారు. ఈ.కోలైలో 50.8, మనిషిలో 41, స్ట్రెప్టోమైసిస్ సీలికలర్‌లో 72, మలేరియా తెచ్చే ప్లాస్మోడియం ఫాల్సిపారంలో 19.4. గ్వానీన్లనూ సైటోసిన్లనూ లెక్కపెట్టి మొత్తం బేసులతో (డీఎన్ఏ అక్షరాలైన ఏ, టీ, జీ, సీలతో) భాగిస్తే వచ్చే శాతం తమరు, అంతే. కానీ ఆ అంకె మెడలో ‘పరిసరాలకు అనుకూలనం’ అనే బిళ్ల వేసుకుని తిరుగుతున్నారు. ఆ బిళ్ల ఎవరిచ్చారో కనుక్కుందామనే ఈ లేఖ.

ముందు వేడి సంగతి. జీ–సీ జతకు మూడు హైడ్రోజన్ బంధాలు, ఏ–టీ జతకు రెండే. కనుక మరిగే నీళ్లలో బతికే జీవుల్లో తమరు ఎక్కువగా ఉంటారని ఇంటర్ నుంచీ వింటున్నాం. మరి 100 డిగ్రీల దగ్గర హాయిగా పెరిగే పైరోకాకస్ ఫ్యూరియోసస్ అనే సూక్ష్మజీవిలో తమరు 41 దగ్గరే ఆగారేం? 37 డిగ్రీల మనిషిలోనూ అంతే కదా! మామూలు మట్టిలో కాలం గడిపే స్ట్రెప్టోమైసిస్ బ్యాక్టీరియాలో 72కు ఎక్కి కూర్చున్నారు. గాల్టియే, లోబ్రీ అనే పరిశోధకులు 1997లో ప్రొకేరియోట్లను (కణకేంద్రకం లేని జీవులను) వరసగా సరిచూస్తే, పెరిగే ఉష్ణోగ్రతకూ జీనోమ్ మొత్తంలోని తమరికీ పొంతన కుదరలేదు. కుదిరింది రైబోజోమ్ ఆర్ఎన్ఏలో. అది ఒంటి పోగు, తనమీద తానే మడతపడి నిలబడాలి కాబట్టి అక్కడ మూడో బంధానికి నిజంగానే పనుంది. వేడిలో డీఎన్ఏను కాచేది రివర్స్ గైరేజ్ అనే ఎంజైమ్, లవణాలు, పాలీఅమీన్లు. చాకిరీ వాళ్లది, సన్మానం తమరికి.

ఇంకో సాక్ష్యం మన రక్తంలోనే ఉంది. ఫాల్సిపారం, వైవాక్స్ రెండూ మలేరియా పరాన్నజీవులే. రెంటినీ మోసేది అనాఫిలిస్ దోమే, రెండూ బతికేది మన ఎర్ర రక్తకణాల్లోనే. ఒకదాంట్లో తమరు 19, రెండోదాంట్లో 40 దరిదాపుల్లో. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రోనాల్డ్ రాస్ దోమ పొట్టలో మలేరియా పరాన్నజీవిని పట్టుకున్నప్పుడు మైక్రోస్కోప్ కింద తమరు కనబడలేదు కాబట్టి సరిపోయింది గానీ, కనబడి ఉంటే అప్పుడే ఎవరో ఒకరు ‘మన ఎండల వల్ల’ అని రాసేసేవారు.

అసలు లెక్క ఇది. సైటోసిన్ నిలకడ లేని బేస్. నీటి దెబ్బకు అమీన్ ఊడి యురాసిల్ అవుతుంది. ఒక్కో మానవ కణంలో రోజుకు 100 నుంచి 500 దాకా ఇలా మారతాయని అంచనా. యురాసిల్ అయితే దొంగ దొరికిపోతాడు, దాన్ని కోసిపారేసే ఎంజైమ్ సిద్ధంగా ఉంటుంది. అదే మిథైల్ తగిలించుకున్న సైటోసిన్ అయితే మారేది థైమీన్‌గా. థైమీన్ డీఎన్ఏ ఇంటి మనిషే, అడ్డుకునేవాళ్లు తక్కువ. మన జీనోమ్‌లో సీ వెంటనే జీ వచ్చే చోట్లు ఉండవలసిన దానిలో ఐదో వంతుకు పడిపోయింది అందుకే. గ్వానీన్ ఆక్సీకరణకు గురైతే ఎడినైన్‌తో జతకట్టి, చివరికి టీగా తేలుతుంది. దారులు చాలావరకు ఏ–టీ వైపే. జీసీ నుంచి ఏటీకి మారే వేగం, అటునుంచి ఇటు మారే వేగానికి రెట్టింపైతే తమరు 33 దగ్గర స్థిరపడతారు. నాలుగింతలైతే 20 దగ్గర. ఇంతటి సాదా భాగహారంలో అనుకూలనం ఎక్కడ దూరిందో చెప్పండి.

పేనుబంకలో కాపురముండే బుక్నెరా బ్యాక్టీరియాలో తమరు 26. సైలిడ్ పురుగులోని కార్సొనెల్లా బ్యాక్టీరియాలో 16.5. తల్లి నుంచి పిల్లకు పిడికెడు కణాలే దాటతాయి, ప్రకృతి వరణం చేతులు సన్నబడతాయి, మరమ్మతు జన్యువులు ఒక్కొక్కటే రాలిపోతాయి. మ్యుటేషన్ ఎటు తోస్తే తమరు అటు. అయితే ఇక్కడ మేమూ కాలర్ ఎగరేయలేం. సికాడా పురుగుల్లోని హాడ్జ్‌కినియా బ్యాక్టీరియాది 144 వేల బేసుల బుల్లి జీనోమ్, అయినా తమరు 58. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి.

మరి తమరిని పైకి ఎత్తేదెవరు? చాలా జీవుల్లో అది జీన్ కన్వర్షన్. క్షయకరణ విభజనలో రెండు క్రోమోజోములు భాగాలు మార్చుకునేటప్పుడు ఒక పోగులో జీ, ఎదుటి పోగులో టీ తగలొచ్చు. మరమ్మతు ఈ తగాదాలో జీ–సీ పక్షానే కాస్త ఎక్కువగా తీర్పు చెబుతుంది. ఆ జన్యువుకు మేలా కీడా అన్నది ఈ పంచాయతీకి అక్కర్లేదు. ఎఫ్‌ఎక్స్‌వై జన్యువు మంచి రుజువు. మస్ స్ప్రిటస్ అనే ఎలుకలో అది పూర్తిగా ఎక్స్ క్రోమోజోమ్‌దే. ఇంటి ఎలుకలో మాత్రం దాని చివరి భాగం, ఎక్స్–వై భాగాలు జోరుగా మార్చుకునే ప్రాంతంలోకి జరిగింది. ఆ సగంలో తమరు ఎగబాకారు, ప్రోటీన్‌లో అమైనో ఆమ్లాలు కూడా మారాయి. మొదటి సగం చెక్కుచెదరలేదు. ఒకే జన్యువు, ఒకే ఎలుక, ఒకే వాతావరణం! బ్యాక్టీరియాలో వ్యవహారం ఇంత తేటగా లేదు. వాటిలోనూ మ్యుటేషన్లు ఎక్కువగా ఏటీ వైపే మొగ్గుతాయని 2010లో తేలింది. కానీ బర్ఖోల్డేరియా సెనోసెపేషియాలో ఆ మొగ్గే కనబడలేదు.

తమరి వల్ల ల్యాబ్ బెంచ్ దగ్గర పడే పాట్లు వేరే. ఎక్కువైతే క్షయ బ్యాక్టీరియాలో లాగా 65 దాటి, పీసీఆర్‌లో (డీఎన్ఏకు నకళ్లు తీసే పద్ధతి) నకలు తీయాల్సిన పోగు, అంటే టెంప్లేట్, ముడిపడిపోతుంది. పోగులను విడదీసే 98 డిగ్రీల వేడి (డీనేచరేషన్), ముడి విప్పే 5 శాతం డీఎంఎస్‌ఓ లేదా 1 మోలార్ బీటైన్ కావాలి. డీఎంఎస్‌ఓ పోసి ప్రైమర్లు (నకలు మొదలుపెట్టే చిన్న డీఎన్ఏ ముక్కలు) అతుక్కునే ఎనీలింగ్ ఉష్ణోగ్రత మూడు డిగ్రీలైనా దించకపోతే జెల్ మీద మిగిలేది ఖాళీ వరసే. తక్కువైతే, ఫాల్సిపారం ముక్కలు పోగును పొడిగించే 72 డిగ్రీల ఎక్స్‌టెన్షన్ దశలో నిలవవు, 60కి దించాలి. ఈ.కోలైలో క్లోన్ చేస్తే ముక్కలు తెగి, అటూ ఇటూ అయ్యి వస్తాయి. సీక్వెన్సింగ్‌కు పంపే డీఎన్ఏ ముక్కల లైబ్రరీ తయారీలో పీసీఆర్ సైకిళ్లు పెరిగేకొద్దీ తమరు మరీ ఎక్కువైన చోటా, మరీ తక్కువైన చోటా కవరేజ్ (ఒక్కో చోటును ఎన్నిసార్లు చదివామన్నది) ఎండిపోతుంది; వీలైతే పీసీఆర్ లేని లైబ్రరీ మేలు. తమరు తక్కువగా ఉండే మైకోప్లాస్మా బ్యాక్టీరియాలో యూజీఏ అనేది ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లానికి కోడాన్ (మూడక్షరాల సంకేతం), ఈ.కోలైలో అదే ‘ఇక ఆగు’ అనే స్టాప్. ఇది తెలియక మైకోప్లాస్మా జన్యువును ఈ.కోలైలో ఎక్స్‌ప్రెస్ చేసినవారికి (ప్రోటీన్‌గా తయారు చేయించినవారికి) దక్కేది తోక తెగిన ప్రోటీన్.

కాబట్టి మనవి. ఇకపై పట్టికలోకి ఒంటరిగా రాకండి. కోడాన్ మూడో స్థానంలోని తమరి విలువను వెంట తీసుకురండి. అమైనో ఆమ్లాల అదుపు అక్కడే తక్కువ, తమరి అసలు రంగు అక్కడే బయటపడుతుంది. క్రోమోజోమ్ వెంబడి కిటికీలు వేసి, అంటే ముక్కముక్కకూ తమరిని లెక్కపెట్టి తీసిన గ్రాఫ్ ఒకటి, మ్యుటేషన్ల దిశ లెక్క ఒకటి జతపరచండి. ఈ మూడూ లేనిదే ‘అనుకూలనం’ అని రాస్తే రివ్యూలో ఎర్రసిరా తప్పదు.

ఇట్లు,
రేపు ఫాల్సిపారం ప్రైమర్లు ఆర్డర్ పెట్టాల్సిన
బెంచ్ కూలీలు