మా ఇంటి కార్ షెడ్డు గారికి

షెడ్డు గారూ,

నమస్కారం. వచ్చే సంక్రాంతికి మీకు నాలుగేళ్లు నిండుతాయి. ఇన్నాళ్లూ మిమ్మల్ని 'ఆ రేకులు' అన్నందుకు ముందుగా క్షమించాలి. నాలుగు పైపులు, పైన నీలం రేకులు, అంతేగా అనుకున్నాను. మీకూ కాళ్లూ చేతులూ కీళ్లూ ఉంటాయని తెలిసేసరికి మన విశాఖ పెదవాల్తేరు ఉప్పుగాలి సగం తినేసింది.

మీరింకా కాగితం మీదే ఉన్న రోజు సంగతి చెబుతాను. రేకులు నీలమా ఎరుపా అని ఇంటిల్లిపాదీ మూడు రోజులు కొట్టుకున్నాం. మిగతా కాగితాన్ని నేను మేస్త్రీ ముందే మూడు నిమిషాల్లో తేల్చేశాను.

"ఈ మూలల్లో ఏటవాలు ముక్కలు దేనికి?"

"బ్రేసింగ్ అండి. ఊగకుండా."

"షెడ్డేమైనా ఉయ్యాలా, ఊగడానికి? తీసెయ్యండి."

పైపుల పైచివర మూతలూ అలాగే పోయాయి. ఇప్పుడు వాన నీళ్లు లోపలికి దిగి, తుప్పు లోపల్నుంచి మొదలైంది. ఇక ఒక్కో స్తంభం కింద బేస్ ప్లేటు, అంటే ఇనప పలక. దానికి నాలుగు చిల్లులు, నేలకి బిగించే నాలుగు యాంకర్ బోల్టులు. ఎదురెదురుగా రెండు చాలవా అన్నాను. మేస్త్రీ నా ముఖం చూసి, సరే అని కాగితంలోంచి రెండు కొట్టేశాడు. మిగిలిన రెండు చిల్లుల చుట్టూ ఇప్పుడు ఎర్రటి చారలు. రోజూ కారు తీసేటప్పుడు అవి ఏడ్చిన కళ్లలా నన్నే చూస్తుంటాయి.

నా లెక్కంతా కిందికి దిగే బరువు గురించే. రేకుల బరువెంత, పైన కోతి దూకితే ఎంత. మీ అసలు కష్టం మొయ్యడం కాదు, ఎగిరిపోకుండా ఉండడం అని నాకు తట్టలేదు. నాలుగు వైపులా తెరుచుకున్న మీ కిందికి గాలి దూరి పైకి తోస్తుంది, పైన పారే గాలి లాగుతుంది. అప్పుడు రేకుని స్క్రూ పట్టుకోవాలి, స్క్రూని పర్లిన్ అనే అడ్డకమ్మీ, పర్లిన్‌ని ట్రస్ అనే పైకప్పు చట్రం, ట్రస్‌ని స్తంభం పట్టుకోవాలి. స్తంభాన్ని పట్టుకోవాల్సింది నేను కొట్టేయించిన బోల్టు. నేనేమీ తెలియనివాణ్ణి కాదు సుమా. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫానుకి మన ఎయిర్‌పోర్టు పైకప్పే దెబ్బతింది. వీధిలో రేకులు విస్తరాకుల్లా ఎగరడం కిటికీలోంచి చూశాను. విశాఖలో ఏం కట్టినా సెకనుకి 50 మీటర్ల గాలికి, అంటే గంటకి 180 కిలోమీటర్లకి లెక్క వెయ్యమంటాయి మన దేశపు ప్రమాణాలు. మేస్త్రీ, నేనూ వేసింది కేజీ పైపు రేటు లెక్క.

వెల్డింగ్ చేసిన చోట పైపుకి తుప్పు పట్టకుండా ఉండే జింకు పూత కాలిపోతుందట, అక్కడ మళ్లీ పూత వెయ్యాలట. ఆ పూత డబ్బా ఖర్చు కూడా నేనే మిగిల్చాను.

అన్నింటికన్నా స్క్రూ తల కింద ఉండే నల్ల రబ్బరు వాషర్ నన్ను ఎక్కువ ఏడిపించింది. గోరంత ఉంటుంది. కారు తలుపు తీసి వంగగానే చుక్క సరిగ్గా మెడ మీద పడేది. నేనే నిచ్చెనెక్కి బిగించాను. ఇంకా బిగించాను. రబ్బరు పక్కకి ఉబ్బి చిరిగి, చుక్క కాస్తా ధార అయింది. వదులైనా కారుతుంది, అతిగా బిగించినా కారుతుంది. మా బావగారి స్వభావం, ఏం చేస్తాం.

నిన్న మేస్త్రీని మళ్లీ పిలిచాను. మీ చుట్టూ తిరిగి, స్తంభాన్ని రెండుసార్లు ఊపి, కొత్త కాగితం రాశాడు. బ్రేసింగ్, మూతలు, వాషర్లు, జింకు పూత. చివరి వరుసలో "యాంకర్ బోల్టులు, 8".

ఎనిమిదెందుకు, నాలుగు చాలవా అని నోటిదాకా వచ్చింది. లోపల్నుంచి మా ఆవిడ దగ్గింది.

ఇట్లు,
మీ నీడన కారు పెట్టుకునే పిసినారి